దీవెనమ్మత్త అరుగు

మొన్న మధ్యాహ్నం నెల్లూరులో ఒక ఆసుపత్రి ముందు నుంచి నడుస్తుంటే, కాలిన సిమెంటు మీద నీళ్లు పడిన వాసన ముక్కుకు తగిలింది. వాచ్‌మన్ మెట్ల మీద బక్కెట్లతో నీళ్లు గుమ్మరిస్తున్నాడు. మెట్లేమీ మురికిగా లేవు. తడిగా ఉంటే రోగుల తాలూకు మనుషులు కూర్చోరని అలా పోయిస్తారట. నాకు ఒళ్లు మండింది. మా పాత వీధిలో దీవెనమ్మత్త కూడా రోజూ మధ్యాహ్నం అరుగు మీద నీళ్లు చల్లేది. వేడి తగ్గి, తడి ఆరాక చాప పరిచేది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి కూర్చుంటారని.

ఆమె మాకు చుట్టం కాదు. ఒకే గోడకు అటు ఆమె, ఇటు మేము అద్దెకుండేవాళ్లం. బడిలో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం మాతోబాటే చర్చికి వచ్చేది. నా చిన్నప్పుడు మా వీధంతా కాపురాలే. నేను కాలేజీకి వచ్చేసరికి పాలకొట్టు స్కానింగ్ సెంటరైంది, టైలరు ఇల్లు మందుల షాపైంది, ఎదురుగా ఉన్న పెంకుటిళ్లు కూలగొట్టి పెద్ద ఆసుపత్రి కట్టారు. అద్దెలు కట్టలేనివాళ్లు ఊరవతలికి పోయారు. వీధి బాగుపడిందని అందరూ అనేవాళ్లు. ఎవరికి బాగుపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో రోగి దగ్గర ఒక్కరినే ఉండనిచ్చేవాళ్లు. వెంట వచ్చిన మిగతావాళ్లంతా రోడ్డు మీదే. ఎండకు తాళలేక అత్త అరుగెక్కేవాళ్లు. అత్త మంచినీళ్ల చెంబు అక్కడ పెట్టి, ఏ ఊరు, తిన్నారా అని అడిగేది. అంతకు మించి అడిగేది కాదు. ఒకసారి నేను పెద్ద ఆరిందాలాగా ఒక ముసలాయన్ని, లోపలున్న మీ మనిషికి ఏం జబ్బని అడిగాను. ఆయన మొహం మాడిపోయింది. అత్త నన్ను లోపలికి పిలిచి చీవాట్లు పెట్టింది.

"జబ్బు సంగతి పొద్దుట్నించి అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయుంటాడు పాపా. ఊరి సంగతి అడుగు. కాసేపన్నా ఇంటికి పోయొచ్చినట్టుంటది."

వెళ్లి అడిగాను. జువ్వలదిన్నె అన్నాడు. పడవల గురించి, ఈసారి పడని చేపల గురించి చాలాసేపు చెప్పాడు. లోపలున్నది ఆయన భార్య అని మాటల్లో తెలిసింది.

ఆ వారంలోనే ఆమె చనిపోయింది. ఆసుపత్రివాళ్లు శవాన్ని స్ట్రెచర్ మీద గేటు బయటికి తెచ్చి వదిలేశారు. ఊరికి తీసుకుపోవాల్సిన వ్యాను రాలేదు. మిట్టమధ్యాహ్నం ఆ ముసలాయన తన కండువాను భార్య మొహానికి అడ్డంగా పట్టుకొని నడిరోడ్డు మీద నిలబడ్డాడు. జనం చూసుకుంటూ పోతున్నారు. అత్త గబగబా అరుగు దిగింది.

"ఆ తల్లిని ఎండలో పెట్టబాకండి. మా అరుగు మీదికి తీసుకురాండయ్యా," అంది.

తన దుప్పటి పరిచి పడుకోబెట్టించింది. వ్యాను వచ్చేదాకా ఆయన పక్కనే కూర్చుంది. ప్రార్థన మనసులోనే చేసుకున్నట్టుంది, పెదవులు మాత్రం కదిలాయి.

మూడోనాడు ఇంటి ఓనరు కొడుకు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, చెప్పులు బయట విడిచి, వినయంగానే మాట్లాడాడు.

"ఎదురుగ్గా శవాన్ని పెట్టుకుంటే కొత్త పేషెంట్లు లోపలికి ఎట్టొస్తారని ఆసుపత్రివాళ్లు గొడవ చేస్తా ఉండారు టీచరమ్మా. ఈ ఇల్లు కూడా తమకే అమ్మమంటున్నారు. నేనింకా సరే అనలా. అరుగుకి గ్రిల్ పెట్టించి తాళమేస్తా. దానికి ఒప్పుకోండి, మీరున్నన్నాళ్లు ఇంటి జోలికి రాను."

వీధిలో మిగిలిన నాలుగిళ్లవాళ్లూ ఆమెను బతిమాలారు. "గ్రిల్లే కదా వదినా. ఈ వయసులో యాడికి పోతావు?" అని మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తకు ఏ ధీమా లేదు. ఆ రోజుల్లో ఆమె సరిగా తిన్నది లేదు. నాకు భయంగా ఉంది పాపా అని నాతో అంది కూడా. అయినా ఓనరు కొడుకుతో వద్దనే చెప్పింది. ఇల్లు అమ్ముడుపోయింది. అరుగున్న చోట ఇప్పుడు అంబులెన్సులు ఆగుతాయి.

వెంకటాచలం వైపు హైవే పక్కన కొత్త కాలనీలో, మేడ మీద ఒక గది దొరికింది ఆమెకు. నేను వెళ్లినప్పుడల్లా కిటికీ దగ్గర కూర్చుని లారీలను చూస్తూ ఉండేది. మెట్లెక్కి ఆమె దగ్గరికి వచ్చేవాళ్లెవరూ లేరు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, గ్రిల్ పెట్టించుకొని ఉంటే సరిపోయేది కదత్తా అని.

"సరిపోయేదే. లోపల కూర్చుని, ఎండలో నిలబడినోళ్ల మొహాలు ఆ కమ్మీల్లోంచి రోజూ చూడాల గదా. నా వల్ల కాదులే."

నాకు కోపమే వచ్చింది. ఆమె అరుగు మీద సేదదీరిన వాళ్లలో ఒక్కరైనా ఆమె ఏమైందని వెతుక్కుంటూ రాలేదు. ఆ మాట అంటే నవ్వింది.

మరుసటి వేసవిలో గుండెనొప్పి వచ్చి ప్రభుత్వాసుపత్రిలో పోయింది. వ్యానులో నేనూ అమ్మా తీసుకొచ్చాం. కాలనీ ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కొత్తిల్లమ్మా. శవాన్ని పెట్టారంటే మళ్లీ అద్దెకెవురూ రారు. ఏమనుకోబాకండి."

గది వద్దు, కింద కార్లు పెట్టే చోటైనా ఒక గంట ఉంచనివ్వమని చేతులు పట్టుకున్నాను. కదల్లేదు. పక్కిళ్ల తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. హైవే వారన వ్యాను ఆపి, వెనక తలుపు తెరిచి, ఆ దుమ్ములోనే పాస్టరుగారు ప్రార్థన చేశారు. లారీల మోతకు ఆయన మాట సగం వినపడలేదు. చర్చి నుంచి వచ్చినవాళ్లు ఎండలో వరుసగా నిలబడి చూశాక, అటునుంచి అటే సమాధుల తోటకు తీసుకుపోయాం. నడివీధిలో ఉన్న ఒక తెలియని మనిషి శవానికి చోటిచ్చినావిడకు, తాను అద్దె కట్టిన గడప కూడా దక్కలేదు. ఆ కోపం నాలో చల్లారలేదు, చల్లారాలని కూడా నేను కోరుకోవడం లేదు.

ఉద్యోగం వల్ల నాకు ఇళ్లు మారక తప్పదు. ఎక్కడికి వెళ్లినా, నీళ్లు ఎలా వస్తాయి, అద్దె ఎంత అన్నవి అయ్యాక ఓనర్లను ఒక మాట అడుగుతాను: "ఇక్కడుండగా మాలో ఎవరైనా పోతే ఇంట్లోకి తీసుకురానిస్తారా?" కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చాలామంది అప్పటికప్పుడు, ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చామంటారు. సరేనండీ అని మెట్లు దిగి, ఇంకో ఇల్లు చూడటానికి పోతాను.