అప్పలరాజు కొన్న ఓబో

1979 వర్షాకాలం. అప్పటికి వన్ టౌన్‌లో బ్యాండు వాద్యాల రిపేరు దుకాణం పెట్టి పదకొండేళ్ళయింది. క్లారినెట్లు, ట్రంపెట్లు, హార్మోనియంలు బాగుచేసేవాణ్ణి. పాతవి కొని, సరిచేసి అమ్మేవాణ్ణి. ఒక్కో వాద్యం గురించి డైరీలో నాలుగు వరుసలు రాయడం నా అలవాటు. ఈ ఓబోకి మాత్రం నాలుగు పేజీలు పట్టాయి.

ఓబో అంటే నల్లకర్రతో చేసిన సన్నటి గొట్టం, దాని మీద వెండిరంగు మీటలు. సన్నాయిలాగే జంట రెల్లు పీకతో ఊదుతారు, ఆ పీకని రీడ్ అంటాం. మన ఊళ్ళో దాన్ని అడిగేవాళ్ళు అరుదు. ఆ సమయంలో నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఎప్పుడో రద్దయిన పాత బ్యాండుది, చేతులు తగిలి తగిలి నునుపుదేరింది. రెండోది కలకత్తా నుంచి వచ్చింది. మీటల మీద పూత పోయింది, రంధ్రాలు మూసే ప్యాడ్‌లు గట్టిపడి గాలి కారుతోంది.

ఒక గురువారం మధ్యాహ్నం అప్పలరాజు వచ్చాడు. వాళ్ళది ఎలమంచిలి దగ్గర సన్నాయి వాయించే కుటుంబం. తను మల్కాపురంలో ఉంటూ ఒక కాంట్రాక్టరు కింద నూనె డ్రమ్ములు దొర్లించే పని చేస్తున్నాడు. ఒక సంస్థ బ్యాండులో ఓబో వాయించే ఉద్యోగం ఖాళీ ఉందని, సోమవారం పరీక్ష అని చెప్పాడు. వయసు పరిమితి ప్రకారం అతనికి అదే ఆఖరి అవకాశం. ఎవరి వాద్యం వాళ్ళే తెచ్చుకోవాలి. అతను నేర్చుకున్న గురువుగారి ఓబో ఆ వానలకి నిలువునా బీటవారింది.

వెంట అతని బావ సూరిబాబు శ్రుతి సన్నాయి పట్టుకొచ్చాడు. వాయించేవాడి వెనక ఒకే స్వరాన్ని ఆపకుండా పట్టే సన్నాయి అది. దాని రంధ్రాల్లో మైనం అద్ది, తీసి, ముందువాడి వాద్యానికి తగ్గట్టు కలుపుకుంటారు. వాళ్ళింట్లో కొత్త సన్నాయిని అలాగే పరీక్షిస్తారట.

పాత బ్యాండు ఓబోకి సూరిబాబు మైనం సర్ది శ్రుతి కలిపాడు. అప్పలరాజు మోహన రాగం అందుకున్నాడు. బయట రిక్షావాళ్ళు ఆగి విన్నారు. తర్వాత కలకత్తా ఓబో తీశాడు. ఈసారి సూరిబాబు మైనం మళ్ళీ సర్దలేదు. రెండు స్వరాలకే సూరిబాబు పీక నోట్లోంచి తీసేశాడు.

"ఏటి బావా, పిల్లి పీక నొక్కినట్టుంది. దాన్ని ఒగ్గీ."

శ్రుతి మొదటి ఓబోకి కలిపి ఉందని నా కళ్ళతో చూశాను. అయినా నేనూ ఆ పాట మాయలోనే ఉన్నాను. మొదటిదే తీసుకోమన్నాను. గుడ్డలో చుట్టుకుని సంతోషంగా వెళ్ళారు.

సాయంత్రం డైరీ రాస్తుంటే పిచ్, అంటే స్వరం ఎంత ఎత్తులో పలుకుతుందో రాసే గడి ఖాళీగా కనిపించింది. ట్యూనింగ్ ఫోర్కు, అంటే మీటగానే బ్యాండు స్వరం పలికే ఉక్కు చీలిక, ఆ రోజు చేత్తో ముట్టుకోలేదు. పాత బ్యాండ్లలో కొన్ని ఇప్పటి కొలత కన్నా హెచ్చు పిచ్‌లో వాయించేవని నాకు తెలుసు. తెలిసీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మల్కాపురం బస్సెక్కాను. కలకత్తా ఓబో కూడా సంచిలో పెట్టుకున్నాను. అప్పలరాజు పనికి బయల్దేరుతున్నాడు. ఫోర్కును మీటి వాళ్ళ తలుపు చెక్కకి ఆనించి, ఆ స్వరమే ఊదమన్నాను. ఓబో ఫోర్కు కన్నా పైకి పలికింది. రీడ్‌ని కాస్త బయటికి లాగి చూశాం. ఆ ఒక్క స్వరం దిగింది కానీ మిగతావి ఒకదానికొకటి చెడిపోయాయి.

"మరి నిన్న శ్రుతిలో కలిసింది కదండీ మాస్టారూ?"

"మీ బావ నీకోసం మైనం సర్దాడు. బ్యాండులో నలభైమంది నీకోసం సర్దుకోరు, అప్పలరాజూ. తప్పు నాది. నిన్ననే చెప్పాల్సింది."

అతను గుమ్మంలో కూర్చుండిపోయాడు. "నాను పరీచ్చకి ఎళ్ళొద్దంటారా?" అన్నాడు.

నేను సంచి విప్పాను. కలకత్తా ఓబో స్వరం పీలగా వచ్చింది, అయినా ఫోర్కుతో ఖచ్చితంగా కలిసింది. అక్కడే ఉన్న సూరిబాబు ఫోర్కును చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. "పిల్లే కానండి, సరిగ్గానే కూత్తంది," అన్నాడు.

ఆ రెండ్రోజులూ వేరే పని ముట్టుకోలేదు. ప్యాడ్‌లన్నీ మార్చాను, స్ప్రింగులు సరిచేశాను. ఆదివారం మధ్యాహ్నానికి గాలి కారడం ఆగి గొంతు నిండింది. అప్పలరాజు ప్రతి స్వరాన్నీ ఫోర్కు పక్కన పెట్టుకుని సాధన చేశాడు.

సోమవారం నాలుగింటికి ఇద్దరూ దుకాణానికి వచ్చారు. ముందు సూరిబాబు మొహం చూశాను, నవ్వుతున్నాడు.

"పియానో మీద ఒక్క మెట్టు నొక్కి, కలపమన్నారండీ," అన్నాడు అప్పలరాజు. "ఊదేను. బ్యాండు మాస్టరుగారు తలూపి, అప్పుడు వాయించాల్సిన పాట కాయితం సేతికిచ్చేరు. అదీ వాయించేక, ఉజ్జోగం నీదేనన్నారు. నాకన్నా ముందొచ్చినోణ్ణి ఆ ఒక్క మెట్టు కాడే పంపించీసేరు."

ముగ్గురం టీ తాగాం. ఆ రోజు పిచ్ గడి నింపి, కింద నా పొరపాటు కూడా రాసుకున్నాను.

అప్పటిదాకా కొనడానికి వచ్చినవాళ్ళ చేతికి ముందు వాద్యం ఇచ్చేవాణ్ణి. ఆ తర్వాత దుకాణం మూసేదాకా, ఎవరొచ్చినా కూర్చోబెట్టి, మీరు ఎవరితో కలిసి వాయిస్తారని అడిగాకే బీరువా తెరిచాను.