మార్తమ్మకు జంట

వాగధిదేవతకు వందనం. సిద్ధార్థి నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ దశమి. అనగా 1979 జూలై మొదటి వారం. నంద్యాలలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆంధ్రోపన్యాసకుడనైన నన్ను ప్రవేశాల సంఘంలో సభ్యునిగా నియమించారు. చేర్చుకొనడానికి అదే కడపటి దినం.

బి.ఏ.లో మనస్తత్వశాస్త్రం కోరి వచ్చినది ఒక్కతే. ఆళ్లగడ్డ దాపున సేద్యం చేసుకొనే ఏసోబు కూతురు మార్తమ్మ. ఇంటర్మీడియెట్‌లో ఏ గ్రూపు చదివినా అర్హతే అని నిబంధన; అంతవరకు చిక్కు లేదు. ఆ క్రిందనే, ప్రయోగశాల గల విషయాలకు జంటలుగా చేర్చుకోవలెనని ఉంది. ఈ శాస్త్రంలో ప్రయోగం మనిషి మీదనే; ఒకరు చేయాలి, మరొకరు దానికి లోను కావాలి. జంట లేనిదే ప్రయోగం లేదు, ప్రయోగం లేనిదే సీటు లేదని ప్రిన్సిపాల్ తేల్చి, చరిత్రలో చేరమన్నారు. మార్తమ్మ తల అడ్డంగా ఊపింది.

కూతురి వెంట వచ్చిన ఏసోబు లేచాడు. "ఏంది సార్, ఈడ సీటిస్తాండారా, కాడికి ఎద్దుల్ని కడ్తాండారా? జోడీ కావాలంటే నేనే కూచుంటా. ఇంట్లో దినామూ నామీదనే గదా చేస్తాండాది!"

రెండవవారు విద్యార్థియే కావాలని ఎక్కడా లేదని మనస్తత్వశాస్త్రపు ఉపన్యాసకుడు అన్నాడు. లేనంత మాత్రాన సమ్మతమేనా అని ప్రిన్సిపాల్ సందేహం. నాకు రెండు వాదాలూ సమంజసంగానే తోచాయి. ఏసోబు సేద్యం మాని ప్రతి వారం బస్సెక్కి రాలేడు. మధ్యాహ్నం తరగతులు లేనిది తెలుగు పంతులుగారికే కదా అని ఎవరో అన్నారు. విశ్వవిద్యాలయానికి సందేహం తెలుపుతూ లేఖ వ్రాసి, మార్తమ్మను చేర్చుకొని, నన్ను జంటగా చూపారు.

మొదటి ప్రయోగం జ్ఞాపకశక్తిపై. అర్థం లేని అక్షరాలను ఆమె చూపగా నేను అప్పగించాలి. అలవాటు కొద్దీ వాటిని గణాలుగా విడదీసి, సీసపాదంలా రాగం తీసి, ఒక్కటి పోకుండా చదివాను. మార్తమ్మ చేతి గడియారం బల్ల మీద పెట్టేసింది.

"అట్ల పాడొద్దు సార్. మీరింత బాగా చెప్తే మరుపు ఎంతో తేలదు, నాకు మార్కులు పోతాయి. మామూలు మనిషి లెక్క మర్సిపోండి."

మరచిపోవడం ఎట్లో నాకు తెలియలేదు. అభ్యాసంతో కొంత పట్టుబడింది.

చేరవచ్చినవారి అర్హత నిర్ణయించే ముందు, ఆ విద్యకు వలసినవి మన వద్ద ఉన్నవో లేవో చూడవలెనని ఈ ఉదంతం వలన తెలిసింది. 1982 జూన్‌లో మార్తమ్మ ఉత్తీర్ణురాలైనది. మా లేఖకు ప్రత్యుత్తరం రాలేదు.