మనోరమ గుండెకు అరవై శాతం

చిక్కడపల్లిలో సగం మంది బతుకు మార్కుల మీద నడుస్తుంది. తక్కిన సగం, ఆ మార్కుల కోసం వచ్చినవాళ్లకు గదులు కిరాయికిచ్చి బతుకుతుంది. మనోరమ ఈ రెండో సగంలోది. కింద తనూ భర్త జగన్మోహనూ, పైన రెండు గదుల్లో గ్రూప్స్‌కు చదివే ఆడపిల్లలు, ఆపైన డాబా. డాబాకు ముప్ఫై రెండు మెట్లు. యాభై దాటినా బకెట్ నిండా తడిబట్టలతో ఒక్క ఊపున ఎక్కేది. మధ్యలో ఆగిన పిల్లల్ని ఆటపట్టించేది కూడా.

ఏటా ఎండాకాలం చెల్లెలు జ్యోత్స్న నల్లకుంట నుంచి వచ్చేది. ఇద్దరూ డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టేవాళ్లు. చిన్నప్పుడే తల్లి పోతే మనోరమ జడలు వేసి, అన్నం పెట్టి పెంచిన చెల్లెలు. వడియాలు మొదలుపెట్టిన కాసేపటికే ఆమె అక్క చేతిలోని గిన్నె లాక్కునేది.

"జరుగక్కా, నీకు నడుం నొస్తున్నది."

"నీకెట్ల తెలిసిందే?"

"నీ మొఖం చూస్తే తెల్వదా?"

ఆ జ్యోత్స్న మూడేళ్ల కిందట నాలుగు రోజుల జ్వరానికి పోయింది. పోయిన మూడో రోజున ఆమె చీరలు సర్దబోయి, బీరువా తలుపు తీసిన మనోరమ అక్కడే గుండె పట్టుకుని కూలబడింది. ఆస్పత్రిలో చూస్తే రక్తనాళాల్లో అడ్డేమీ లేదు. దుఃఖం తాకిడికి గుండె కండరం కింది భాగం సడలి బుడగలా ఉబ్బిందన్నారు. గుండె పని ముప్ఫై అయిదు శాతానికి పడిపోయిందట. మెల్లగా దాని ఆకారానికి అదే వస్తుందని ధైర్యం చెప్పారు. ఆరు వారాల తర్వాత మళ్లీ స్కానింగ్ తీస్తే అరవై వచ్చింది.

అసలు తప్పు ఇక్కడే జరిగింది. జగన్మోహన్ పరీక్షల విభాగంలో ముప్ఫై ఏళ్లు మార్కుల మెమోలు రాసి రిటైరైన మనిషి. అరవై అంకె చూడగానే ఆయన కళ్లు మెరిశాయి.

"ముప్ఫై అయిదుతోని అంచు మీదున్నదానివి, ఫస్ట్ క్లాస్ కొట్టినవ్."

పైగదిలో ఉండే రోజా కూడా తలూపింది. "డిస్టింక్షన్‌కు జర దూరం, అంతే ఆంటీ."

ఆయన ఆ రిపోర్టును జిరాక్స్ దుకాణంలో లామినేషన్ చేయించి, తన డిగ్రీ పట్టా పక్కన గోడకు తగిలించాడు. మనోరమ కూడా నవ్వింది. పాసైనవాళ్లు మళ్లీ పరీక్షకు ఎందుకు పోతారు? డాక్టరు దగ్గరికి పోవడం మానేసింది. మందులు అయిపోతే మళ్లీ తెప్పించుకోలేదు.

గుండె మాత్రం ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. తొమ్మిదో మెట్టు దగ్గర ఊపిరి అందేది కాదు. ఎవరికీ కనబడకుండా అక్కడొక చీపురు పెట్టుకుని, ఊడుస్తున్నట్టు ఆగేది. అన్నం వండితే చాలు, యుద్ధం చేసొచ్చినంత నీరసం. భర్తకు చెప్తే ఆయన గోడ వైపు చేయి చూపేవాడు.

"రిపోర్టు మంచిగున్నది గదా. మనసు గట్టి చేసుకోవాలె."

నిజమే కాబోలనుకుంది. ఒళ్లు బరువెక్కిందేమో, చెల్లెలి పేరు చెప్పుకుని పని ఎగ్గొడుతున్నానేమో అని తన మీద తనకే అనుమానం వచ్చింది. ఆ సిగ్గు ఆయాసం కన్నా ఎక్కువ బాధపెట్టింది.

రెండు ఎండాకాలాలు వడియాలు లేకుండానే పోయాయి. ఈసారి పట్టుబట్టి పిండి ఉడికించింది. గిన్నెతో పదిహేడో మెట్టు దాకా ఎక్కి చతికిలబడింది. పిండి మెట్ల మీద కారిపోయింది. రోజా చూసి, వెంటనే ఆటో పిలిచింది.

హైదర్‌గూడలో లేడీ డాక్టరు పరీక్షలన్నీ చేసింది. జగన్మోహన్ సంచిలోంచి లామినేషన్ రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"అరవై వచ్చింది మేడం, అప్పుడే."

"ఇవి మార్కులు కావు సార్. గుండెలో నిండిన రక్తంలో, అది కొట్టుకున్న ప్రతిసారి ఎంత బయటికి పోతదో చెప్పే లెక్క. ఎవరికీ నూరు రాదు. ఆకారం మంచిగైంది, బలం పూర్తిగ రాలే. ఈ జబ్బు వచ్చినోళ్లలో చాలామందికి ఏండ్ల తరబడి ఆయాసం, నొప్పి, నీరసం ఉంటయి. మందులు ఆపొద్దు, చూపించుకుంటుండాలె. ఆమె చెప్పేది నిజం."

నిజం అన్న మాట వినగానే మనోరమకు ఏడుపు ఆగలేదు. చెల్లెలు పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

"మొత్తం తగ్గుతదా?" అని జగన్మోహన్ అడిగాడు.

"చెప్పలేను సార్."

ఇంటికొచ్చేసరికి పిండి మెట్ల మీదే ఎండిపోయింది. జగన్మోహన్ రిపోర్టు తగిలించిన గోడ మేకు పీకేశాడు. లోపల్నుంచి కుర్చీ తెచ్చి మెట్ల మలుపులో వేసి, భార్యను మెల్లగా నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. తను కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"మూడేండ్లు చెప్పినవ్. నేను నమ్మలే."

మనోరమకు కోపం రాలేదు. వంగి, మెట్టు మీద ఎండిన పిండిని గోటితో గీకింది.

"చెల్లె ఉంటే నమ్మేది" అంది. "నేను చెప్పకముందే."