ఏడు ముక్కల రోగం పేరు

మొన్న మా దీవిలోని క్యూర్‌పైప్‌లో వానకు ఇల్లు కదలలేక కూర్చున్నప్పుడు, కాలేజీలో చదివే మనవరాలు తన పుస్తకంలోంచి యాంకిలోస్టోమయాసిస్ అనే రోగం పేరు మంచినీళ్లు తాగినంత తేలికగా చదివేసి పేజీ తిప్పేసింది. నాకు ఒళ్లు మండింది. ఆ మాట కోసం నేను పది రోజులు నిద్రాహారాలు మానేసినంత పని చేశాను మరి.

మన తరంవాళ్లకు చెప్పక్కరలేదు, ఆ రోజుల్లో ట్రియోలే వైపు చెరకుతోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల పాదాల్లోంచి కొంకిపురుగు ఒంట్లోకి దూరి నెత్తురు తాగేసేది. దాన్ని వదిలించడానికి వచ్చిన ఇంగ్లీషు డాక్టరుగారు, ఆ రోగం పేరు తప్పులేకుండా పలికి అర్థం చెప్పినవాణ్ణి తోట ఆసుపత్రిలో సహాయకుడిగా తీసుకుంటానన్నారు. ఆ పని రాకపోతే సోమవారం నుంచి నేను చెరకు నరకాల్సిందే; కూలీల మేస్త్రీ సర్దారు అప్పటికే నా పేరు రాసుకున్నాడు. అర్థం బడి మాస్టారు చెప్పారు: గ్రీకులో ఆంకిలోస్ అంటే వంకర, స్టోమా అంటే నోరు, చివరి ఇయాసిస్ అంటే రోగం, వెరసి వంకరనోటి పురుగు తెచ్చే జబ్బు. పలకబోతే మాత్రం ఏడు ముక్కల్లో నాలుగోదాని దగ్గర నాలుక మడతపడేది.

మా నాన్న రామభజన గురువు. తాతల నాడు ఈ దీవికి కూలికొచ్చి, తెలుగు సగం మరిచి ఇక్కడి భాష క్రియోల్‌లో పడిపోయిన మావాళ్లకు పాటలో మాత్రం ఒక్క అక్షరం జారేది కాదు. “పాటలో పెట్టరా, నోటికదే వత్తాది,” అని నాన్న ఆ మాటకు తాళం కట్టారు. నేను పాడితే ఆయన, మేనమామ, ఇద్దరు బాబాయిలు వంత పాడేవారు. పాడిన చరణాన్ని వంత లేకుండా వదిలేయడం మావాళ్ల లెక్కలో పాపం.

పరీక్షనాడు నలుగురూ తోడొచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. లోపల డాక్టరుగారు పలకమన్నారు. చెయ్యి దానంతటదే తొడమీద తాళం వేసింది. కళ్లు మూసుకుని పాడేశాను. మరుక్షణం వరండాలోంచి నాలుగు గొంతులు ఏడు ముక్కలనూ పై స్థాయిలో అందుకున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను, ఇక చెరకే అనుకున్నాను. డాక్టరుగారు తలుపు తీసి వాళ్లను కాసేపు చూసి, మందంటే పారిపోయే కూలీలు ఈ పాటకైతే వస్తారా అని తనకొచ్చిన క్రియోల్‌లో అడిగారు. నాన్న చేతులు జోడించి, క్రియోల్‌లో అవునని మొదలెట్టి తెలుగులోకి జారి, “వీ, దొక్తేర్, మావోడికి పనిత్తే,” అన్నారు. అందులోని తెలుగు ముక్కను ఇంగ్లీషులోకి మార్చి నా సిఫారసు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన పకపకా నవ్వి, అర్థం అడగడం కూడా మరిచిపోయి పని ఇచ్చారు.

ఇప్పుడు ఆ రోగం మాయమైంది, ఉత్తకాళ్లతో తోటకెళ్లేవాళ్లూ కనబడరు, అది మంచిదే. ఆ నలుగురూ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఎప్పుడైనా ఒంటరిగా ఆ మాట పలికితే, వాళ్లు అందుకుంటారేమోనని ఇప్పటికీ కాస్త ఆగుతాను.