ఏ కొలతకూ అందని యేడు

ఆరో తరగతికి బడి తెరిచే ముందురోజు అమ్మ ట్రంకుపెట్టెలో నుంచి నా యూనిఫారం తీసి, ఒకసారి వేసుకుని చూడమనింది. తెల్లచొక్కా, నీలం పావడ. ఎండాకాలం సెలవులకు ముందు కుట్టించిందే. చేతులు దూరినాయి, భుజాలు సరిపోయినాయి, గుండీలు మాత్రం కలవలేదు. అమ్మ రెండంచులూ దగ్గరికి లాగింది, వదిలింది, మళ్ళీ లాగింది. ఊపిరి బిగబట్టమనింది. బిగబట్టినాను. రెండో గుండీ పట్టింది. ఊపిరి వదిలేసరికి దారం తెగి గుండీ గచ్చు మీద పడింది.

"రెండు నెల్ల కింద కుట్టిచ్చింది కదమే ఇది," అనింది అమ్మ. నన్ను చూసి కాదు, చొక్కాని చూసి.

అప్పటికి నాకు పదేళ్ళు దాటి నాలుగు నెలలు. డెబ్బైలు ఇంకా అయిపోలేదు. చిత్తూరులో మా ఇల్లు బెల్లం మండీల వెనక వీధిలో ఉండేది. నాయన అక్కడే ఒక మండీలో తూకాలు చూసేవాడు. ఇంట్లో అమ్మ, నాయన, నేను, అవ్వ. అవ్వ అరుగు మీద కూర్చుని ఆ పూటంతా ఒకటే మాట. "మన ఇంట్లో ఇంత తొందరగా ఎవురూ ఎదగల్యా. బిడ్డకి కోడిగుడ్లు పెట్టొద్దంటే ఇన్నావా నువ్వు?" ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు గుడ్డు ఆగిపోయింది. ఒళ్ళు ఎదగడం ఆగలేదు.

అమ్మకు తెలిసిన మొదటి వైద్యం కుట్లు విప్పడం. మా టైలరు పెరిగే పిల్లలని చెప్పి పక్కల్లో రెండేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టేవాడు. అమ్మ బ్లేడుతో ఆ మడతలన్నీ విప్పింది. రెండేళ్ళకని దాచిన గుడ్డ రెండు వారాలకు సరిపోయింది. విప్పినచోట పాత కుట్టు తాలూకు చిల్లుల వరస, దాని పక్కన ఎండ తగలని తెలుపు. ఎవరు చూసినా ఇది విప్పి కుట్టిన చొక్కా అని తెలిసిపోయేది.

ఆ టైలరు నా మొదటి గౌను కుట్టినవాడు. చిన్నప్పుడు నన్ను స్టూలు మీద నిలబెట్టి, చేతులు చాపమని, టేపు పెట్టి చక్కిలిగింతలు పెట్టేవాడు. ఈసారి అమ్మ వెంట అంగట్లోకి పోతే స్టూలు జరపలేదు. మెడలో నుంచి టేపు తీసి అమ్మ చేతికిచ్చినాడు.

"నువ్వే తీయక్కా. నేను రాసుకుంటా."

అమ్మకు టేపు పట్టడం రాదు. వేసుకున్న గుడ్డల మీదనే వదులుగా చుట్టి, అంకె చదివి చెప్పింది. ఆయన రాసుకోబోయి ఆగినాడు. "సరిగ్గా సూసినావా అక్కా?" అన్నాడు. మళ్ళీ చుట్టింది. అదే అంకె. ఆయన నోటుపుస్తకంలోకి చూస్తానే రాసుకున్నాడు, తలెత్తలేదు. నాకు అప్పటిదాకా సిగ్గంటే ఏమో తెలీదు. టేపు అమ్మ చేతికి పోయినప్పుడు తెలిసింది.

ఛాతీకి పెద్ద కొలత రాసుకున్నాడు గాబట్టి చొక్కా మొత్తం ఆ కొలతకే కోసినాడు. భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారింది. మెడ ఒక పక్కకు వాలిపోయేది. వెనక్కిస్తే భుజాలు లోపలికి పట్టినాడు. అప్పుడు చెయ్యి పైకి లేస్తే చంకలో పిగిలింది. మూడోసారి పోయినప్పుడు చొక్కాని బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, చాలాసేపు చూసినాడు.

"అక్కా, ఇది పిల్లోళ్ళ కటింగూ గాదు, పెద్దోళ్ళ కటింగూ గాదు. నాకు రాదు. టక్కులు పెట్టి జాకెట్టు మాదిరి కుట్టమంటే కుడతా. పదేండ్ల బిడ్డకి అట్ల కుడితే బాగుంటాదా, నువ్వే చెప్పు."

అమ్మ చొక్కా మడిచి చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

మామూలుగా ఐతే అమ్మ ఎట్లో సర్దుకుపొమ్మనేది. కానీ ఆ యేడు నేను బడి ఖోఖో జట్టులో ఉన్నాను. బడిలో నాకన్నా బాగా ఉరికేవాళ్ళు ఇద్దరే, వాళ్ళు తొమ్మిదో తరగతి. పన్నెండేళ్ళ లోపు ఆడపిల్లల పోటీలు దీపావళి దాటినాక తిరుపతిలో పెడతామన్నారు. మా డ్రిల్లు టీచరమ్మ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, మెడలో ఎప్పుడూ విజిలు. తెల్లచొక్కా ఒంటికి పట్టి ఉండాల, వేలాడితే అవతలోళ్ళ చేతికి దొరుకుతుంది అని అందరికీ చెప్పింది. అమ్మకు ఆ మాట చెప్పినాను. "తిరుపతిలో రెడీమేడు దొరుకుతాది, పోదాం," అనింది.

ఒక ఆదివారం బస్సెక్కి పోయినాము. గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో గుడ్డల అంగళ్ళన్నీ తిరిగినాము. ప్రతి అంగట్లో ఒకటే వరస. ఏ క్లాసు పాపమ్మా అని అడిగేవాళ్ళు. ఆరు అని అమ్మ చెప్తే, నన్నొకసారి చూసి, మళ్ళీ అమ్మను చూసి, పైనుంచి ఏదో ఒకటి దించేవాళ్ళు. నాలుగో అంగట్లో గుడ్డల మూటల వెనక ఒక దుప్పటి అడ్డం కట్టి ఉన్నింది. అక్కడ నిలబడి, మెడ దగ్గర మాత్రమే గుండీలున్న ఆ చొక్కాని తల మీదుగా వేసుకున్నాను. చేతులు దూరినాయి, ఆ తర్వాత అది కిందికీ రాలేదు, పైకీ పోలేదు. చేతులు రెండూ పైకి ఇరుక్కుని, ముఖం మీద కొత్తగుడ్డ గంజి వాసన. "అమ్మా" అని పిలిచినాను. అమ్మ వచ్చి లాగింది. పర్రుమని చప్పుడైంది. చివరికి అంగడాయన భార్య కత్తెర తెచ్చి పక్కకుట్టు కోసి నన్ను బయటికి తీసింది. పాపం ఆమె కోప్పడలేదు. "ఎంత సెమట పట్టేసినాదో బిడ్డకి," అని కొంగుతో నా ముఖం తుడిచింది.

అంగడాయన చినిగిన చొక్కాని చూస్తా అన్నాడు, "ఈ వయసుకి ఈ సైజు రాదమ్మా. చేసేవోళ్ళు చెయ్యరు."

"మరి ఇట్లాంటి బిడ్డలు ఏమి వేసుకోవాల?" అని అడిగింది అమ్మ. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"దావణి ఎయ్యండి. అందురూ అదే చేస్తారు."

అమ్మ బల్ల మీదికి వంగి, నాకు కూడా వినబడనంత మెల్లగా, లోపల వేసుకునే బాడీల గురించి అడిగింది. ఆయన మెల్లగా చెప్పే మనిషి కాదు. అటక మీదున్న తమ్ముడికి వినబడేట్టు, "చిన్న సైజు బాడీలు ఉండాయా సూడప్పా, పాపకి!" అని అరిచినాడు. అంగట్లో ఉన్నవాళ్ళంతా పాప ఎవరా అని తిరిగి చూసినారు. పైనుంచి లేవని జవాబొచ్చింది. ఉన్నవాటిలో చిన్నది దించి చూపిస్తే అది నన్ను రెండు చుట్లు చుట్టేట్టుంది.

బస్టాండులో అమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు కొనిచ్చింది. బస్సు కదిలినాక, కిటికీలో నుంచి బయటికి చూస్తానే, "దీంట్లో నీ తప్పేం లేదు," అనింది. అంతవరకూ ఇది తప్పని నాకు తోచలేదు. అమ్మ డబ్బులు కట్టి తెచ్చిన ఆ చినిగిన చొక్కా పొట్లం నా ఒళ్ళోనే ఉంది. ఇంటికి వచ్చేదాకా శెనక్కాయలు తినకుండా పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. నాయన పాత బనీను తీసుకుని, చేతులు కత్తిరించి, పక్కలు లోపలికి మడిచి, సూదితో నాలుగు వరసలు కుట్టింది. ఒంటికి అతుక్కుపోవాలని అంత బిగువుగా కుట్టింది. చాలనిచోట ఎడమ చంక కింద ఒక పిన్నీసు పెట్టింది. దాని మీద కుట్లు విప్పిన పాత చొక్కా వేస్తే గుండీలు పట్టినాయి. అమ్మ ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. నాకు మాత్రం పెద్ద ఊపిరి తీసుకోడానికి చోటు లేదు. సాయంత్రానికి ఒళ్ళంతా చెమటకాయలు. అవ్వ గంధం అరగదీసి పూసేది, పొద్దున మళ్ళీ అదే బనీను. "కొంచెం వదులు చెయ్యమ్మా" అని ఒకసారి అడిగినాను. "వదులు చేస్తే ఇంగ వేసుకునేది ఎందుకు?" అనింది.

పోటీల రోజు నాయన మండీలో సెలవు పెట్టి తిరుపతికి మాతో వచ్చినాడు. నా కోసం ఆయన సెలవు పెట్టడం అదే మొదలు. ఎదురుగా కొండ కనబడే పెద్ద మైదానం. సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. మా ఆట మొదలయ్యే ముందు అవతలి జట్టు టీచరు నన్ను చూపించి ఏదో చెప్పినాడు. రిజిస్టరు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మా టీచరమ్మ దగ్గరికి వచ్చినాడు.

"ఈ పాపకి పన్నెండు లోపలా?"

"పది దాటి ఎనిమిది నెలలు సార్. బడి సర్టిఫికెట్టు ఉండాది," అని టీచరమ్మ కాగితం చూపించింది.

ఆయన కాగితం చూసినాడు, నన్ను చూసినాడు, మళ్ళీ కాగితం చూసినాడు. "కాగితంలో ఎవరైనా తగ్గించి రాసుకోవచ్చు," అన్నాడు.

గుంపులో నుంచి నాయన ముందుకొచ్చినాడు. ఆయన మండీలో గట్టిగా అంకెలు పలికే మనిషి, అక్కడ మాత్రం గొంతు లేవలేదు. "నా బిడ్డ ఎప్పుడు పుట్టిందో నాకు తెలీదా అప్పా? శివరాత్రి ముందర పుట్టింది. ఆస్పత్రికి నేనే బండి కట్టించుకుని పోయినా." ఎవరో నవ్వినారు. నాయన ఇంకేదో చెప్పబోయి, నా చొక్కా వైపు చూసి, చూపు తిప్పేసుకుని, నేల చూసినాడు. ఆ రిజిస్టరాయన అభ్యంతరం రాసుకుని, ఆడనీయండి, తర్వాత చూస్తామన్నాడు. నాయన వెనక్కి పోయి గుంపు చివర, మైదానం సరిగ్గా కనబడని చోట నిలబడినాడు.

మేము తరిమే వంతు. మా జట్టు వరసగా గీతల మధ్య కూర్చున్నాము. నాది ఐదో స్థానం. మొదటి రెండుసార్లు లేచి ఉరికినాను, ఒకమ్మాయిని తాకినాను కూడా. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. మూడోసారి వచ్చి కూర్చునేటప్పుడు చంక కింద చురుక్కుమనింది. పిన్నీసు ఊడింది. బనీను ఒక పక్క జారిపోతా ఉంది, పిన్నీసు మొన లోపల గుచ్చుకుంటా ఉంది. చొక్కా రెండో గుండీ లాగుతా ఉంది. మోచెయ్యి గట్టిగా ఒంటికి అదిమిపెట్టి కూర్చున్నాను. ఈసారి నా వంతు రాకూడదని మొక్కుకున్నాను.

నా వెనక నుంచి, వీపు తాకి, "ఖో!" అనింది మా జట్టు పిల్ల.

నేను లేవలేదు.

"ఖో! ఖో! లెయ్యే!" అని అరిచింది. టీచరమ్మ గీత బయట నుంచి నా పేరు పెట్టి అరుస్తా ఉంది. అవతలి జట్టు పిల్లలు ఉరకడం ఆపి నన్నే చూస్తా ఉన్నారు. లేస్తే మైదానమంతా చూస్తుందని నాకు తెలుసు. ఇందాక రిజిస్టరాయన చూసినట్టే అందరూ చూస్తారు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయినాను. విజిలు ఊదినారు. ఆట పోయింది.

ఎందుకు లేవలేదని టీచరమ్మ అడిగింది. "భయమేసిందా? కాలు పట్టుకుందా?" నేను కాలు పట్టుకుందని అబద్ధం చెప్పినాను. జట్టులో పిల్లలు చిత్తూరు దాకా నాతో మాట్లాడలేదు. నాయన నా పక్కనే కూర్చుని, చంద్రగిరి దాటినాక, "దప్పికగా ఉండాదా?" అని మాత్రం అడిగినాడు.

ఆ రాత్రి చంక కింద రక్తపు మరక చూసి అమ్మ ఆ బనీను నీళ్ళలో నానేసింది. మరుసటి వారం దావణి వచ్చింది. మా బడిలో తొమ్మిదో తరగతి నుంచే దావణి. అమ్మ పోయి హెడ్మిస్ట్రెస్‌ని బతిమాలింది. ఆమె నన్ను గదిలోకి పిలిపించి, ఒకసారి చూసి, సరే అనింది. ఆరో తరగతిలో ముప్పైమంది పావడ చొక్కాల మధ్య నేనొక్కదాన్నే దావణి. మొదటిరోజు ఒక పిల్ల నన్ను, "ఎవురు కావాలక్కా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, కొత్తగా చేరిన పిల్ల. దావణి అంచు కాళ్ళకు అడ్డం పడేది. సందు దొరికితే భుజం మీంచి జారేది. ఉరకడం మాట అటుంచి, మెట్లెక్కడం కూడా ఒక చేత్తో కొంగు పట్టుకునే.

సంక్రాంతి దాటినాక ఒక సాయంత్రం డ్రిల్లు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ మజ్జిగ ఇచ్చింది. అవ్వ లోపలికి పోయి కూర్చుంది. టీచరమ్మ సంచిలో నుంచి ఒక పొట్లం తీసి నా చేతికిచ్చింది. "మద్రాసులో మా అక్క వెతికి వెతికి తెచ్చింది. ఆడుకునే పిల్లలు లోపల వేసుకునేది. పోయి వేసుకుని రా," అనింది. ఆమెకెప్పుడు అర్థమైందో, ఎవరు చెప్పినారో, నేను అడగలేదు.

లోపలి గదిలో తలుపేసుకుని వేసుకున్నాను. మెత్తగా ఉన్నింది. ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా వేలాడలేదు. పైన చొక్కా వేసుకుని రెండు చేతులూ పైకెత్తినాను. ఏదీ గుచ్చుకోలేదు, ఏదీ పిగల్లేదు. పెద్ద ఊపిరి తీసుకుని వదిలినాను. ఎన్నో నెలల తర్వాత అంత ఊపిరి.

బయటికి వచ్చినాక టీచరమ్మ నవ్వింది. అమ్మ కూడా దగ్గరికి వచ్చి, భుజం కుట్టు పట్టి చూసి, "సరిపోయినాది," అని కళ్ళొత్తుకుంది. తర్వాత, "దావణి కింద వేసుకోవచ్చు," అనింది.

టీచరమ్మ అమ్మ వైపు నుంచి నా వైపు తిరిగింది. నన్నే అడిగింది. "రేపు పొద్దున మైదానానికి వస్తావా?"

రాను టీచర్ అన్నాను.

లేచి నిలబడితే మైదానమంతా మళ్ళీ నన్నే చూస్తుందని తోచింది. ఎందుకని ఆమె అడగలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని పోయింది. ఆ వేసవికి ఆమెకు పీలేరుకు బదిలీ అయింది. ఆ గుడ్డ నాకు మూడు నెలలు సరిపోయింది. ఆ తర్వాత అదీ పట్టలేదు. నేను మళ్ళీ ఎప్పుడూ ఏ ఆటా ఆడలేదు.