దొరగారి చక్రాల బంగళా

మలయాలో ఎమర్జెన్సీ నడుస్తున్న రోజుల్లో కువాలా సెలంగోర్ దగ్గర ఒక రబ్బరు తోటకు వెళ్ళాను. తోట దొర నన్ను కూర్చోమననైనా అనకుండా తన బండి చూపించడానికి లాక్కుపోయాడు. పాత మిలిటరీ లారీ మీద కట్టించుకున్న ఇల్లది. గోడలోకి మడిచే మంచం, కిరోసిన్ ఫ్రిజ్, కుదుపులకు సీసాలు దొర్లకుండా అడ్డుపట్టీలు కొట్టిన అలమారా. అడవిలోంచి కమ్యూనిస్టులు కాల్చే తుపాకీ గుళ్ళకు భయపడి కిటికీలకు ఇనపరేకులు, ఆ రేకులు కనబడకుండా పువ్వుల తెరలు. పిరికితనానికి కూడా ముస్తాబు కావాలి కాబోలు!

ఇంతా చూపించి దొర మొహం చిట్లించాడు. "మూడు రోజులున్నాను ఇందులో. మనిషన్నవాడు బతికే జాగా కాదు. మీ తెలుగువాడే చేశాడు. ఎందుకింత ఇరుగ్గా చేశాడో అడగండి."

వడ్రంగి అప్పలస్వామి అక్కడే తలుపు బందులకు నూనె వేస్తున్నాడు. అడిగాను.

"దొరగారు కొలతలేటీ సెప్పనేదు బాబూ. ఒక మడిసి బతకడానికి సరిపోయే గది సెయ్యమన్నారు. అడివిలోవోళ్ళకి మేం కూడెడతామని పోయినేడు సర్కారోళ్ళు మమ్మల్ని ఊరు మార్పించి ముళ్ళకంచెలో పడేసినారు కదా, అక్కడ మాకిచ్చిన గది కొలిసి సేసినాను."

"మీరెంతమంది?"

"తొమ్మండుగురం లా," అన్నాడు, మలయావాళ్ళ అలవాటుగా చివర ఆ 'లా' తగిలించి.

అది నేను ఇంగ్లీషులో చెప్పగానే దొర ఎర్రబడ్డాడు. "నన్ను కూలీ గదిలో పెడతాడా! వెంటనే పెంచమనండి."

అప్పలస్వామి గజంబద్ద తీశాడు. "పెంచుతాను బాబూ. ఏ గది పెంచాలో అడగండి."

ఆ మాట మాత్రం నేను దొరకు చెప్పలేదు. ఆయన పెట్టిన కేకు తిని వచ్చేశాను.