మూడు శాతం పిల్ల

ఆ ఇంటర్వ్యూలో నేను నిజంగానే ఏడ్చాను. ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు (డైరీ ఎక్కడ దాస్తానో అమ్మకి తెలుసు). ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, ఆరేళ్ల కిందట, పర్చూరు దగ్గర మా ఊళ్లో చదువుకునే ఆడపిల్ల ఎదురైతే చాలు, ఆ పిల్ల ఏమవుతుందో, ఏం కాలేకపోతుందో ప్రతివాళ్లూ లెక్కగట్టేసేవాళ్లు. మేము పత్తి వేసినా, మిర్చి వేసినా ఎంత పండుతుందో చెప్పలేని వాళ్లు నా సంగతి మాత్రం ఠక్కున చెప్పేసేవాళ్లు.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. వేరే రాష్ట్రంలో ఒక పెద్ద యూనివర్సిటీకి, దాంతోపాటు వాళ్లిచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాను. అది వస్తే ఫీజూ హాస్టలూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే వెళ్లేది లేదు. నాన్న ఆ మాట ముందే చెప్పాడు, కోపంగా కాదు, చెప్పులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా. మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన్ని అందరూ పర్సెంటేజీ మాస్టారనేవాళ్లు. వాన పడుతుందా అన్నా, గేదె ఈ రాత్రికి ఈనుతుందా అన్నా ఆయన శాతాల్లోనే జవాబిచ్చేవాడు (గేదె మాత్రం ఎప్పుడూ ఆయన మాట వినలేదు). నా దరఖాస్తు సంగతి తెలియగానే టీకొట్టు దగ్గర నాన్నని ఆపి, "అమ్మాయికి మూడు శాతం ఛాన్సుందండీ, అది కూడా నేను అభిమానం కొద్దీ వేసింది" అన్నాడు. అంతే, మర్నాటికి నా పేరు పోయింది. కందిపప్పు కొనడానికి కొట్టుకెళ్తే, మూడు శాతం పిల్లకి ముందు తూచి పంపించమన్నారు. ఇంటికొచ్చి డైరీలో నాలుగు పేజీలు తిట్టాను. దరఖాస్తుతో నేను రాసి పంపిన వ్యాసం ఆయన చదివాడా? అసలు ఆ మూడు ఎక్కణ్ణుంచి తెచ్చాడు? రెండెందుకు కాదు, ముప్పై ఎందుకు కాదు?

డైరీకి కాక ఈ కోపం చెప్పుకున్నది ఒక్క మా మేనత్తకే. కళ్లంలో ఎండిన మిరపకాయల ముందు కూర్చుని తాలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "కుప్ప మొత్తంలో తాలెంతుందో పైపైన చూసి చెప్పొచ్చే. ఈ కాయ తాలా కాదా అంటే మటుకు చేత్తో పట్టుకు చూడాల్సిందే."

ఇంటర్వ్యూ ఫోన్లో, వీడియో కాల్. మా ఇంట్లో సిగ్నలు వంటగది కిటికీ దాకా వచ్చి ఆగిపోతుంది కాబట్టి కళ్లంలోనే కూర్చోవాల్సొచ్చింది. ఘాటు తగలకుండా అత్త కొంగు పైకెత్తి గాలి ఎటుందో చూసి, కుర్చీ అటు మార్చి, ఇటు మార్చి, చివరికి ఒకచోట వేసింది. ఫోన్లో ముగ్గురు. అంతా బాగానే జరుగుతుండగా, కళ్లజోడాయన నవ్వుతూ, ఈ స్కాలర్‌షిప్ నీకొచ్చే అవకాశం ఎంతుందనుకుంటున్నావని అడిగాడు. నాకు టీకొట్టు, కందిపప్పు, నాన్న చెప్పులు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. వచ్చిన ఇంగ్లీషులోనే (తాలుకి ఇంగ్లీషు మాట తెలియక ఒక కాయ తీసి ఫోనుకి చూపిస్తూ) చెప్పేశాను: "కుప్పలో ఇలాంటివి ఎన్నుంటాయో ఎవరైనా చెప్పొచ్చు సార్. ఒక్క కాయ సంగతి పట్టుకు చూసినవాళ్లే చెప్పాలి. ఇప్పుడు చూస్తున్నది మీరు. నన్నడిగితే ఎలా?"

పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్లకి నేను ఎదురు చెప్పింది అదే మొదటిసారి. చెప్పగానే కళ్లలోంచి ధారగా నీళ్లు. ఏడుస్తున్నావా అని ఆ ముగ్గురిలో ఉన్న మేడమ్ గాభరాపడింది. "లేదు మేడమ్, మిరపకాయలు" అని ఫోను కుప్ప వైపు తిప్పాను. ముగ్గురూ హాయిగా నవ్వారు.

మే నెలలో ఉత్తరం వచ్చింది, స్కాలర్‌షిప్ ఇచ్చామని. మాస్టారు ఇంటికొచ్చి, ఆ మూడు శాతంలో నువ్వుంటావని నాకు తెలుసమ్మా అని కాఫీ తాగి వెళ్లాడు. ఊరివాళ్లేమో, ఘాటుకి కళ్లనీళ్లొస్తే ఏడుస్తోందనుకుని ఇంటర్వ్యూ చేసినవాళ్లు జాలిపడి ఇచ్చేశారని తేల్చారు. నేను చదివిన చదువంతా ఏమైనట్టు? ఆ మండిపాటు ఇప్పటికీ కొంచెం ఉంది. తమాషా ఏమిటంటే ఇప్పుడు నా ఉద్యోగమే శాతాలు కట్టడం. ఎక్కడైనా మూడు అని కొట్టాల్సొస్తే, కుర్చీ అంచున కూర్చుని ఏడుస్తూ వాదించిన ఆ పిల్ల గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

నేను చదువుకి బయల్దేరిన రోజు చీరాల స్టేషన్లో, నాన్న అందరికీ ఆ మిరపకాయల కథే చెప్పి నవ్విస్తున్నాడు. రైలు కదిలింది. కిటికీ పక్కన నడుస్తూ అత్త నా చెయ్యి పట్టుకుని, మెల్లగా నాకు మాత్రమే వినబడేలా అంది:

"ఆ రోజు గాలి నీ వైపు లేదే పిల్లా."